ఫుట్‌బాల్ సబార్డినేట్ సర్వీసు

కోస్తా ఉప్పు అభివృద్ధి సంస్థలో ఫుట్‌బాల్ మేనేజరుగా తన చివరి మ్యాచి దాకా బొంతు త్రిమూర్తులు ఒక్కటీ నెగ్గలేదు. వేరే దేశాల్లో అయితే అలాంటి మేనేజర్ని నెల తిరక్కుండా సాగనంపుతారట. సంస్థలో అలాంటి దౌర్జన్యాలు లేవు. ఓడినందుకు ఎవరినీ తీసెయ్యరు, నెగ్గినందుకు ఎవరినీ మెచ్చుకోరు. గెలుపోటములు రాయడానికి సర్వీసు రిజిస్టరులో గడి లేదు కాబట్టి అవి జరిగినట్టు సంస్థకు తెలియదు.

త్రిమూర్తులు మొదట్లో ఆటగాడిగానే చేరాడు. మీసాలు సరిగ్గా రాని వయసులో ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, చేరిన ఏడాదే కాకినాడ సంస్థల లీగులో జట్టుకి షీల్డు తెచ్చిపెట్టాడు. జనం భుజాల మీద ఎక్కించుకుని, మెడలో బంతిపూల దండ వేశారు. అతని కెరీర్‌ను పాడుచేసింది ఆ దండే.

దండ పడిన మర్నాడు, వెనక వరసలో ఆడే సీనియర్ బ్యాక్ ఒకాయన అర్జీ పెట్టుకున్నాడు. తనకన్నా పదకొండేళ్ళు జూనియరైన ఉద్యోగి రోజూ తన ముందు నిలబడి ఆడుతున్నాడనీ, గ్రౌండంతా తను ఆ జూనియర్ వీపు చూస్తూ గడపాల్సి వస్తోందనీ, ఇది సీనియారిటీకి భంగమనీ అందులో రాశాడు. చదివినవాళ్ళెవరికీ అందులో తప్పు కనిపించలేదు.

కమిటీ వేశారు. సభ్యుల్లో ఒకాయన ఉప్పులో అయోడిన్ కలపడంలో నిపుణుడు. ఇంకొకాయన గోనెసంచుల కొనుగోళ్ళు చూసేవాడు. వీళ్ళిద్దరికీ మాటల్లేవు కాబట్టి మధ్యలో కూర్చోవడానికి మూడో ఆయన్ని వేశారు. ముగ్గురూ గ్రౌండు పక్కన షామియానా వేయించుకుని, జీడిపప్పు తింటూ ఒక మ్యాచ్ ఆసాంతం పరిశీలించి నివేదిక ఇచ్చారు.

‘గోల్‌కీపరు అను ఉద్యోగి ఒకే చోట నిలబడి సంస్థ ఆస్తియగు వలను కాపలా కాయుచున్నాడు. కావున ఇది వాచ్‌మన్ తరహా ఉద్యోగమై, ప్రవేశ స్థాయికి తగియున్నది. బ్యాకులు కొంత మేర, హాఫులు మరికొంత మేర సంచరించుచున్నారు. ఫార్వర్డులు ప్రత్యర్థి పక్షముతో ప్రత్యక్ష సంప్రదింపులు జరుపుచున్నందున వారిది అధికారి హోదాగా పరిగణించవలెను.’

ఆ నివేదికలోంచి ఫుట్‌బాల్ సబార్డినేట్ సర్వీసు నిబంధనలు పుట్టాయి. వాటి ప్రకారం ఎవరైనా సరే కీపరుగా చేరాలి. కొన్నేళ్ళు వలకు కాపలా కాసి బ్యాక్ కావాలి. నెత్తి మీద జుట్టు పల్చబడే వేళకి మధ్య వరసలో హాఫ్ అవుతాడు. మోకాళ్ళు రెండూ మొరాయించాక సెంటర్ ఫార్వర్డ్ అవుతాడు. ఆ పైన ఉన్నది మేనేజర్ పోస్టు ఒక్కటే.

జట్టులో అందరికన్నా జూనియర్ త్రిమూర్తులే. షీల్డు తెచ్చిన కాళ్ళని గోలు మధ్యలో నిలబెట్టి, చేతులకి గ్లవుజులు తొడిగారు. అక్కడినుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కి, మళ్ళీ ముందు వరసకి వచ్చేసరికి అతనికి యాభై దాటాయి. బంతి దగ్గరికొస్తే పరుగెత్తాలన్న కోరిక ఇంకా ఉండేది గానీ, ఆ సంగతి మోకాళ్ళకి చెప్పి ఒప్పించేలోపు బంతి వెళ్ళిపోయేది. కాళ్ళు ఆడిన రోజుల్లో ఆడనివ్వలేదన్న బాధ అతన్ని ఎన్నడూ వదల్లేదు. అయినా పైకి అనలేదు. అనడానికి కూడా ప్రాపర్ ఛానెల్ ఒకటి ఉంది.

బంతికీ అదే ఛానెల్. కీపరు బంతిని బ్యాక్‌కి పంపాలి, బ్యాక్ హాఫ్‌కి పంపాలి, హాఫ్ ఫార్వర్డ్‌కి సమర్పించుకోవాలి. కీపరు పెద్ద కిక్కు కొట్టి నేరుగా సెంటర్ ఫార్వర్డ్ కాళ్ళ దగ్గర పడేస్తే, కింది సిబ్బంది పై అధికారిని నేరుగా సంప్రదించినట్టు లెక్క. ఈ సంగతి లీగులో మిగతా జట్లన్నిటికీ తెలుసు. బంతి ఏ దారిన వస్తుందో ముందే తెలుసు కనక వాళ్ళు ఆ దారిలో నిలబడి, వచ్చిన బంతి వచ్చినట్టు తీసుకునేవారు.

ప్రమోషన్లతో ఇంకో చిక్కు. కర్రి అప్పన్న అనే ఆయన కీపరుగా అద్భుతంగా ఉండేవాడు. బంతి గాలిలో ఎటు వచ్చినా ఆయన చేతులు ముందే అక్కడ ఉండేవి. అంత బాగా కాసినందుకు కాదు గానీ, సర్వీసు కాలం నిండినందుకు ఆయన బ్యాకై, ఆ పైన హాఫై, మైదానం మధ్యకి వచ్చేశాడు. చేతులకి మాత్రం ప్రమోషన్ సంగతి తెలియలేదు. మైదానం నడిమధ్యలో బంతి పైకి లేస్తే చాలు, అప్పన్న ఎగిరి రెండు చేతులా పట్టుకుని గుండెకి హత్తుకునేవాడు. రిఫరీ ఈల వేసేవాడు. “పాత అలవాటండి మేస్టారూ, పోతా లేదు,” అనేవాడు అప్పన్న సిగ్గుపడుతూ.

వీటన్నిటినీ మించినది హెడ్‌క్వార్టర్స్ గొడవ. ఉద్యోగి అన్నాక అతనికో పనిచేసే చోటుండాలి కదా. కీపరుకి ‘ఉత్తరపు గోలు’ హెడ్‌క్వార్టర్స్ అని ఉత్తర్వుల్లో రాశారు. ఫుట్‌బాల్లో సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మారతాయని కమిటీకి తెలియదు. ఇంటర్వెల్‌లో వాళ్ళు టీ తాగడానికి వెళ్ళి, వచ్చాక కాస్త కునుకు తీశారు. నిబంధనలు వచ్చిన తొలి మ్యాచిలో రెండో సగం మొదలయ్యాక కీపరుగా ఉన్న త్రిమూర్తులు ఉత్తరపు గోలు వదిలి రానన్నాడు. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదిలితే సస్పెండ్ చేస్తారని అతని భయం. దక్షిణపు గోలు ఖాళీగా పడి ఉంది. ఆ రోజు ఎన్ని గోల్స్ పడ్డాయో స్కోరుబోర్డు రాసేవాడికి కూడా తెలియలేదు.

ఆ తర్వాత సంస్థ పెద్దమనసుతో ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇంటర్వెల్‌లో కీపర్ని ఉత్తరపు గోలు నుంచి దక్షిణపు గోలుకి తాత్కాలికంగా బదిలీ చేసే అధికారం మేనేజరుకి దఖలు పడింది. దాంతో, ఆటగాళ్ళకి నాలుగు మాటలు చెప్పుకోవాల్సిన ఆ కాస్త సమయమూ, మేనేజరయ్యాక త్రిమూర్తులుకి బదిలీ ఉత్తర్వు రాయడానికీ, రిలీవింగ్, జాయినింగ్ సంతకాలు పెట్టించడానికీ, రబ్బరు స్టాంపు మీద ఊదడానికీ సరిపోయేది.

ఇలా ప్రశాంతంగా ఓడిపోతున్న రోజుల్లో త్రిమూర్తులు కంట నూకరాజు పడ్డాడు.

మల్లాడి నూకరాజు సంస్థ ఉప్పుమడుల్లో దినకూలీ. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డున కూలీలంతా ఇసకలో బంతాడుతుంటే త్రిమూర్తులు ఆగి చూశాడు. నూకరాజు కాలికి బంతి తగిలాక దాన్ని అతని దగ్గర్నుంచి తీసుకోవడం ఎవరివల్లా కాలేదు. పరుగెత్తుతూనే ఒంటిని అటు వంచి, బంతిని ఇటు తీసుకుపోయేవాడు. గోలు అనుకున్న రెండు చెప్పుల మధ్యలోంచి బంతి వెళ్ళిన ప్రతిసారీ త్రిమూర్తులు కుడికాలు చెప్పులో కదిలింది. ఎన్నో ఏళ్ళ తర్వాత అతనికి కడుపు నిండినట్టనిపించింది.

నానా తంటాలూ పడి నూకరాజుని జట్టులో వేయించాడు. వేయించడమంటే, కొత్తవాడు కాబట్టి కీపరుగా. నూకరాజు అంత చెత్త కీపరు లీగు చరిత్రలో లేడు. బంతి వస్తుంటే చేతులు అడ్డం పెట్టాలని తోచదు, కాలు చాపుతాడు. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగి కావడంతో నోరెత్తకుండా, గ్లవుజులు వేసుకుని, దూరంగా జరుగుతున్న ఆట వైపు ఆశగా చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు త్రిమూర్తులుకి తెలుసు. ఒకప్పుడు తనూ అక్కడ నిలబడి అలాగే చూశాడు.

ఆ ఏడు సీజను చివర్లో సంస్థ ఎండీ గారు త్రిమూర్తుల్ని పిలిపించారు.

“చూడండి త్రిమూర్తులు గారూ, ప్రభుత్వం వారు నిష్ఫల విభాగాల హేతుబద్ధీకరణ అనే బృహత్తర కార్యక్రమం చేపట్టారు. వరసగా మూడేళ్ళు ఒక్క విజయమైనా నమోదు చేయని జట్లను రద్దుపరచి, సిబ్బందిని వారి పూర్వస్థానాలకు పంపమని ఆదేశాలు. మీకింకా ఒక మ్యాచ్ ఉందనుకుంటాను.”

“షుగర్ ఫ్యాక్టరీ వాళ్ళతోనండి. రేపు ఆదివారం.”

“విజయం నమోదు చేయండి మరి. మిగతా లాంఛనాలు మేం చూసుకుంటాం.”

జట్టు రద్దయితే సీనియర్లందరికీ ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుంది. నూకరాజు పూర్వస్థానం మాత్రం ఉప్పుమడే. మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నాలుగేళ్ళు నిలబడితే ఆ కాళ్ళు ఏమవుతాయో త్రిమూర్తులు చాలామంది దగ్గర చూశాడు. పగుళ్ళుదేరి, వేళ్ళు వంకర్లు పోయి, ముప్పై అయిదేళ్ళకే కర్ర పట్టుకుంటారు. ఎండీ గారి గది నుంచి అతను తిన్నగా పర్సనెల్ మేనేజర్ అనిపెద్ది రాజ్యలక్ష్మి గారి గదికి వెళ్ళాడు.

“ఈ ఒక్క మ్యాచికీ నూకరాజుని ముందు ఆడించనివ్వండమ్మా. కుర్రాడి కాళ్ళలో చాలా పనుందండి.”

రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. నిబంధనల పుస్తకం మొత్తం కంఠతా వచ్చు, అంతే.

“ప్రతిభ అంటారు. సర్వీసు రూల్సులో ప్రతిభ ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే సంతకం పెడతాను. ప్రతిభ అనేది ఆయా ఉద్యోగుల వ్యక్తిగత వ్యవహారం త్రిమూర్తులు గారూ. సంస్థ అందులో కలగజేసుకోదు.”

“పోనీ ఇన్‌ఛార్జిగానైనా...”

“పై ఉద్యోగి సెలవులో ఉంటే ఇన్‌ఛార్జి ఇవ్వొచ్చు. సెంటర్ ఫార్వర్డ్ సెలవు పెడితే ఆయన తర్వాతి సీనియర్‌కి వెళుతుంది. ఆయనా పెడితే ఆ తర్వాతాయనకి. అలా మీ నూకరాజు దాకా రావాలంటే మిగతా పదిమందీ సెలవులో ఉండాలి. అప్పుడు ఒక్కడే అన్ని పోస్టుల్లోనూ ఇన్‌ఛార్జిగా ఆడొచ్చు. మాకేమీ అభ్యంతరం లేదు.”

అయినా ఆశ చావక త్రిమూర్తులు సెంటర్ ఫార్వర్డ్ సుందరేశ్వర్రావుని బతిమాలాడు. ఆయన మోకాలికి వేడి ఇటుక కాపడం పెట్టుకుంటూ అంతా విన్నాడు.

“ఒరేయ్ త్రిమూర్తులూ, జీవితమంతా ఆ ముందు వరస కోసం కాసుకుని కూర్చున్నానురా. మొన్న మా చిన్నదాని పెళ్ళి శుభలేఖలో నా పేరు కింద సెంటర్ ఫార్వర్డ్ అని వేయించాను. మా వియ్యంకుడు ఆ ముక్క చూసే సంబంధం ఖాయం చేసుకున్నాడు. ఇప్పుడు కీపరుగాణ్ణి నా స్థానంలో నిలబెడితే నేనాయన మొహం ఎలా చూడను చెప్పు.”

త్రిమూర్తులు లేచి వచ్చేశాడు. ఆదివారం వచ్చేసింది.

ఎండీ గారు, రాజ్యలక్ష్మి గారు సోఫాల్లో కూర్చున్నారు. ఉప్పుమడుల కూలీలంతా నూకరాజు కోసం గట్టు మీదకి చేరారు. మొదటి సగంలో బంతి పద్ధతి ప్రకారం ప్రయాణం చేసింది. నూకరాజు బ్యాక్‌కి ఇచ్చాడు, బ్యాక్ హాఫ్‌కి ఇవ్వబోయాడు, షుగర్ ఫ్యాక్టరీవాళ్ళు మధ్యలో అందుకున్నారు. ఒక గోలు అలా పడింది. మన హాఫు అప్పన్న, వెనక సాయానికని వచ్చి, గోలు ముందు గాలిలో వస్తున్న బంతిని చక్కగా ఎగిరి పట్టుకున్నాడు. అంత అందమైన క్యాచ్ ఆ గ్రౌండులో ఎవరూ చూడలేదు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. నూకరాజు బంతి వచ్చిన వైపే దూకాడు గానీ అలవాటు కొద్దీ కాలు చాపాడు. రెండో గోలు పడింది.

ఇంటర్వెల్‌లో ఆటగాళ్ళు నిమ్మకాయ ముక్కలు నోట్లో పెట్టుకుని కూలబడ్డారు. సుందరేశ్వర్రావు మోకాళ్ళకి ఎవరో ఆముదం రాస్తున్నారు. త్రిమూర్తులు బల్ల ముందు కూర్చుని, అలవాటు ప్రకారం బదిలీ ఉత్తర్వు తీసి, కలం మూత విప్పాడు. తలెత్తితే ఎదురుగా నూకరాజు. గ్లవుజులు ఒళ్ళో పెట్టుకుని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. వచ్చే వారం ఈ కాళ్ళు ఎక్కడుంటాయో త్రిమూర్తులుకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. కలం కాగితం దాకా వెళ్ళి ఆగిపోయింది.

అన్నాళ్ళ సర్వీసులో అతనికి మొదటిసారి నిబంధనల మీద ప్రేమ పుట్టింది. ఉత్తర్వుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“నూకరాజూ, నీకు బదిలీ ఉత్తర్వు రాలేదు. ఉత్తరపు గోలు దగ్గరే ఉండు.”

“ఇప్పుడక్కడ ఆళ్ళ గోలుంటదండి మేస్టారూ.”

“గోలు ఎవరిదైతే నీకెందుకురా. నీ హెడ్‌క్వార్టర్స్ అది. ఉత్తర్వు లేకుండా కదిలావంటే ఉద్యోగం పోతుంది.”

“మరి బంతొస్తే ఏం చెయ్యమంటారండి?”

“హెడ్‌క్వార్టర్స్ పరిధిలోకొచ్చిన బంతిని అక్కణ్ణించి తొలగించడం నీ డ్యూటీ. ఎటువైపు తొలగించాలో రూల్సులో లేదు.”

నూకరాజు అతని మొహంలోకి చూశాడు. తర్వాత ఒళ్ళోంచి గ్లవుజులు తీసి బల్ల మీద పెట్టేశాడు. త్రిమూర్తులు అప్పన్న వైపు తిరిగాడు. “అప్పన్నా, దక్షిణపు గోలు ఖాళీగా ఉంది. దగ్గర్లో ఉన్న ఉద్యోగికి అదనపు బాధ్యత అప్పగించమని రూలు. ఇవిగో గ్లవుజులు.” అప్పన్న వాటిని అందుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే భుజంతో తుడుచుకున్నాడు. ఇద్దరూ చొక్కాలు మార్చుకున్నారు. రిఫరీకి చెబితే, కీపరు ఎవరో తేలితే చాలన్నాడు. ఆయనకి సబార్డినేట్ సర్వీసు సంగతులు తెలియవు.

రెండో సగం మొదలయ్యాక అవతలి గోలు దగ్గరికి చేరిన సుందరేశ్వర్రావుకి తన పక్కన నూకరాజు కనిపించాడు.

“నా పక్కన నీకేం పనిరా?”

“పనేం లేదండి, హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్నానండి.”

దానికి ఎదురు చెప్పడానికి సుందరేశ్వర్రావుకి రూలు దొరకలేదు. ఈలోగా బంతి బ్యాకుల్నీ హాఫుల్నీ దాటుకుంటూ, పద్ధతి ప్రకారమే ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని కాలితో ఆపి, ఊపిరి తీసుకోవడానికి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. బంతి మెల్లిగా పక్కకి దొర్లింది. నూకరాజు దాన్ని తన పరిధిలోంచి తొలగించాడు. షుగర్ ఫ్యాక్టరీ కీపరు కదిలేలోపు అది వల్లో ఉంది.

గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఆట ఇంకెవరి చేతుల్లోనూ లేదు. ఇవతల వైపు అప్పన్న ఎగిరిన ప్రతిసారీ బంతి ఆయన గుండెకి అతుక్కుంది. కీపరు పోస్టు వదిలాక మొదటిసారి తను పట్టుకుంటే రిఫరీ ఊరుకోవడం ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. అవతల నూకరాజు ఇసకలో ఆడినట్టే ఆడాడు. రెండోది ఇద్దరు బ్యాకుల మధ్యలోంచి తీసుకెళ్ళి వేశాడు. మూడోది వేసే ముందు కీపర్ని ఒకసారి కిందపడనిచ్చి, అతను లేచేలోపు తీరిగ్గా పక్కనుంచి తోశాడు. చివరి ఈల పడేసరికి సంస్థ నెగ్గింది. త్రిమూర్తులు బల్ల మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎండీ గారు వచ్చి చెయ్యి కలిపారు. “విజయం నమోదైంది. సంతోషం. గోల్స్ ఎవరు సాధించారు?”

“కీపరండి.”

ఎండీ గారి చెయ్యి త్రిమూర్తులు చేతిలోంచి నెమ్మదిగా జారిపోయింది.

విజయం వల్ల జట్టు రద్దు కాలేదు. అయితే ప్రవేశ స్థాయి ఉద్యోగి, అందులోనూ ప్రొబేషన్‌లో ఉన్నవాడు, అధికారి హోదాకి చెందిన గోల్స్‌ని అనుమతి లేకుండా సాధించడం మీద విచారణకి ఆదేశించారు. విచారణాధికారి రాజ్యలక్ష్మి గారు. గోల్స్ గనక బుద్ధిపూర్వకంగా, నైపుణ్యంతో చేసినట్టు తేలితే అధికారాలను దుర్వినియోగం చేసినట్టే. అప్పుడు నూకరాజుని మళ్ళీ ఉప్పుమడికి పంపెయ్యాలి. అనుకోకుండా జరిగిపోయినవని తేలితే కేసు కొట్టేస్తారు. ముఖ్య సాక్షి త్రిమూర్తులు.

విచారణ రోజు భోజనం దగ్గర భార్య సుభద్ర అతని కంచంలోకి చూసింది. అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

“అబద్ధం చెప్పడానికి బెంగా?” అందావిడ.

“అబద్ధమైతే ఫరవాలేదే. ఆ కాళ్ళలో ఏమీ లేదని ఆడి ముందు నిలబడి చెప్పాలి. నాకు గ్లవుజులు తొడిగి వెనక్కి పంపిన రోజున ఆ కమిటీ నాతో అన్న మాట అదే.”

“వాళ్ళు మిమ్మల్ని పోగొట్టడానికన్నారు. మీరు వాణ్ణి నిలబెట్టడానికంటున్నారు. తినండి, చల్లారిపోతోంది.”

విచారణ గదిలో నూకరాజు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజ్యలక్ష్మి గారు గొంతు సవరించుకున్నారు.

“సాక్షి విన్నవించవలసింది. వివాదాస్పదమైన గోల్స్ ఏ విధంగా సంభవించాయి?”

“బంతి వచ్చి అతని కాలికి తగిలిందండి. తగిలి లోపలికి పోయింది.”

“మూడుసార్లూ?”

“మూడుసార్లూనండి. దానంతటదే.”

“మీ అనుభవంలో, అతని కాళ్ళలో ప్రతిభగానీ నైపుణ్యంగానీ గమనించారా?”

త్రిమూర్తులు గోడ వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. నూకరాజు కళ్ళార్పకుండా తననే చూస్తున్నాడు, గోలు మధ్యలో నిలబడి ఆట వైపు చూసినట్టే.

“లేదండి,” అన్నాడు. “ఆ కాళ్ళలో ఏమీ లేదండి. ఎవరి కాళ్ళయినా ఒకటే.”

నూకరాజు తల దించుకున్నాడు. బయటికి వచ్చాక త్రిమూర్తులు పిలిచినా ఆగలేదు. పిలిచి మాత్రం ఏం చెబుతాడు? కేసు తేలేదాకా సాక్షి, నిందితుడు మాట్లాడుకోకూడదని రూలు. ఆ నెలాఖరున త్రిమూర్తులు రిటైరయ్యాడు. శాలువా కప్పారు, మల్లెపూల దండ వేశారు. అప్పన్న భోరుమన్నాడు. సుందరేశ్వర్రావు తన మోకాళ్ళ గురించి మాట్లాడాడు. నూకరాజు సభ వెనకాల ఎక్కడో నిలబడి, పూర్తి కాకుండానే వెళ్ళిపోయాడు. త్రిమూర్తులు దండతోనే ఇంటికి వచ్చి, దాన్ని తీసి సుభద్ర చేతిలో పెట్టి పడుకున్నాడు.

కేసు కొట్టేశారు. అక్కడితో ఆగితే అది సంస్థ ఎందుకవుతుంది? సాక్షి వాంగ్మూలాన్ని క్షుణ్ణంగా పరిశీలించిన మీదట ఎండీ గారికి ఒక మౌలికమైన సందేహం వచ్చింది. పాత కమిటీలో ఉండి, ఎప్పుడో రిటైరైన అయోడిన్ ఆయన్ని సలహాదారుగా మళ్ళీ పిలిపించారు. ఆయన ఈసారి గ్రౌండుకి కూడా వెళ్ళకుండా నివేదిక ఇచ్చాడు.

‘నలుబది సంవత్సరముల అనుభవము గల మేనేజరు ప్రమాణపూర్వకముగా తెలిపిన దానిని బట్టి, గోలు సాధించుటకు ఎట్టి నైపుణ్యమూ అవసరము లేదనియు, బంతి దానంతట అదే కాలికి తగిలి లోనికి పోవుననియు స్పష్టమగుచున్నది. ఇట్టి పనికి అధికారి హోదా ఇచ్చుట ప్రజాధన దుర్వినియోగము. కావున సెంటర్ ఫార్వర్డును ప్రవేశ స్థాయికి కుదించవలెను. వల, స్తంభములు, చేతి తొడుగులు మొదలగు స్థిర చరాస్తులకు పూచీ వహించు గోల్‌కీపరును అత్యున్నత హోదాకు పెంచవలెను.’

నిబంధనలు తలకిందులయ్యాయి. అత్యంత సీనియరైన సుందరేశ్వర్రావు గోల్‌కీపరుగా పదోన్నతి పొందాడు. వియ్యంకుడికి స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చాడు. అందరికన్నా జూనియరైన నూకరాజుని, ఏ నైపుణ్యమూ అక్కర్లేని పోస్టు కాబట్టి, సెంటర్ ఫార్వర్డ్‌గా వేశారు.

కొత్త సీజను తొలి మ్యాచికి త్రిమూర్తులు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల జనంలో నిలబడ్డాడు. అధికారి హోదాకి తగ్గట్టు కీపరుకి కుర్చీ మంజూరైంది. గోల్లో కుర్చీ కుదరదని రిఫరీ అడ్డం తిరిగితే స్తంభం పక్కన వేశారు. సుందరేశ్వర్రావు అందులో కూర్చుని, బంతి తనవైపు వచ్చినప్పుడల్లా లేవడానికి ప్రయత్నం చేస్తున్నాడు. ఆయన లేచేలోపు రెండు పడ్డాయి. జనం నవ్వుతున్నారు. త్రిమూర్తులుకి అవేవీ కనిపించలేదు. మైదానం మధ్యలో, ఏ ఉత్తర్వూ అక్కర్లేకుండా, మొదటి ఈల నుంచీ ముందు వరసలో నూకరాజు నిలబడి ఉన్నాడు. అతను చూస్తున్నది అదొక్కటే.

బంతి నూకరాజుకి అందింది. ఒకణ్ణి అటు వంచాడు, ఒకణ్ణి ఇటు వంచాడు, కుడికాలు ఎత్తి కొట్టాడు. వల వెనక్కి ఉబ్బింది. గట్టు మీద ఉప్పుమడుల జనం అరుపులు సముద్రం దాకా వెళ్ళాయి.

నూకరాజు జట్టువాళ్ళ దగ్గరికి పోలేదు. తిన్నగా తాడు దగ్గరికి పరుగెత్తుకొచ్చి త్రిమూర్తులు ఎదురుగా ఆగాడు. రొప్పుతున్నాడు. మొహం బిగించుకునే ఉన్నాడు గానీ కళ్ళు నవ్వుతున్నాయి.

“మేస్టారండి, ఇదీ దానంతటదే తగిలిందంటారా?”

పక్కనే సోఫాలో రాజ్యలక్ష్మి గారు తల తిప్పి చూశారు. ఎండీ గారు కూడా చూశారు. త్రిమూర్తులు వాళ్ళ వైపు ఓసారి చూశాడు. వాళ్ళిద్దరికీ స్పష్టంగా వినపడేలా చెప్పాడు.

“అంతేరా. నీ కాళ్ళలో ఏముంది? దానంతటదే తగిలింది.” తర్వాత తాడు మీదుగా వంగి, అతని తడి మెడ మీద చెయ్యి వేసి, మైదానం వైపు తోశాడు. “నిలబడ్డావేం, వెళ్ళు. ఇంకోటి తగిలించుకో.”